పదకొండు విమానాల మౌనం

నీలాంబర ఎయిర్‌వేస్ విమానం మళ్ళీ దారి మధ్యలోంచి వెనక్కి తిరిగిందని టీవీ చెప్పే సమయానికి సుగుణమ్మ ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది.

“ఎన్నోది?” అంది వంటింట్లోంచే.

“పందొమ్మిది,” అన్నాడు అప్పలనరసయ్య, సొంత బీరువా తాళాల లెక్క చెప్పినంత ఖాయంగా. “రెండు నెలల్లో పందొమ్మిది. ఈసారి టొరంటోది.”

హైమావతి పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడే చూస్తోంది. తెర మీద ఏదో పరాయి దేశపు విమానాశ్రయంలో జనం పెట్టెలకి తలలానించి నేల మీదే పడుకున్నారు. చంటిపిల్లకి పాలు కలపడానికి గోరువెచ్చని నీళ్ళయినా దొరకలేదని ఒకావిడ చెబుతోంది. తర్వాత పైలట్ల సంఘం నాయకుడొచ్చి, అబద్ధాలాడే యంత్రాన్ని నమ్ముకుని విమానాలు నడపలేమన్నాడు. ఆపైన ఐరోపా భద్రతాధికారుల నోటీసు గురించి చెప్పారు. నెలాఖరులోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే నీలాంబర విమానాలేవీ అక్కడ దిగడానికి వీల్లేదట.

ఆ యంత్రం పేరు కర్ణిక. కనిపెట్టింది హైమావతి.

నిజానికి అది యంత్రం కూడా కాదు, పూత. విమానం లోపలి ఎముకల మీద ఉల్లిపొరంత మందాన పూస్తారు. లోహంలో బీట పుట్టేటప్పుడు వచ్చే చప్పుడు ఇంజిన్ల హోరులో ఏ మనిషి చెవికీ అందదు. కర్ణికకి అందుతుంది. అందగానే పైలట్ ముందు ఎర్రదీపం వెలుగుతుంది. నీలాంబర వారి ముప్ఫై నాలుగు పెద్ద విమానాలకీ ఆ పూత పూశారు. ఇరవై మూడింటికి విదేశంలో, పదకొండింటికి శంషాబాద్ హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే పెద్ద షెడ్డులో. శంషాబాద్ హ్యాంగర్‌కి ఫోర్‌మన్ ఆమె మేనమామ అప్పలనరసయ్య.

“ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు,” అంటూ ఆయన టీవీ గొంతు పెంచాడు.

నీలాంబర ఛైర్మన్ మాట్లాడుతున్నాడు. “హైదరాబాద్‌లో పూసిన పదకొండు విమానాలూ రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పుడు హెచ్చరిక ఇవ్వలేదు. కాబట్టి లోపం పూతలో లేదు, పూసిన చేతుల్లో ఉంది. మిగతా ఇరవై మూడూ హైదరాబాద్ తెప్పిస్తున్నాం. మా సీనియర్ ఫోర్‌మన్ ఎలా చేశారో అచ్చం అలాగే, ఆయన పద్ధతిలోనే మళ్ళీ పూయిస్తాం. ఈ శనివారం ఆయన్ని సత్కరిస్తున్నాం.”

“నీ పేరు చెప్పడేం మావయ్యా?” అంది హైమ.

“పెద్దోళ్ళు పేర్లు చెప్పరు. శాలువా కప్పేటప్పుడు చీటీ చూసి చదువుతారు.” చదువుతారనే నమ్మకం ఆయన మొహం నిండా కనిపించింది. విజయనగరం నుంచి ఐటీఐ కాగితం పట్టుకుని వచ్చిన మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళు విమానాల పొట్టల కింద నడుం వంచి పనిచేశాడు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. తండ్రి పోయిన హైమని పదో తరగతి నుంచి డాక్టరేట్ దాకా చదివించింది ఆయనే. ఇప్పుడామె అదే ఇంట్లో పై వాటాలో ఉంటోంది. భర్తది ఓడ ఉద్యోగం, ఏడాదిలో ఏడు నెలలు సముద్రం మీదే.

“ఛైర్మన్ పెళ్ళాం కూడా వస్తాదట,” అంది సుగుణమ్మ, ఇడ్లీలు వడ్డిస్తూ. “ఆవిడ పక్కన నేను నిలబడాలి. మీ మావయ్యకేటి, తెల్ల చొక్కా తొడుక్కుంటే అయిపోయె.”

హైమ ఇడ్లీ తుంచి పచ్చట్లో ముంచి అలాగే ఉంచేసింది. “మావయ్యా, రెండేళ్ళలో ఒక్కసారి కూడా అరవలేదా అవి?”

“పని సరిగ్గా చేస్తే ఎందుకరుస్తాయి?”

“ఎంత గట్టి విమానమైనా చిన్నచిన్నవి ఉంటాయిగా. ఒక రివెట్టో, ఒక పట్టీయో…”

“ఏడవని పిల్లని మెచ్చుకోకు బాబూ,” అంది సుగుణమ్మ. ఆవిడ మనసు ఇంకా చీరల మీదే ఉంది, మాట మాత్రం అలవాటుగా వచ్చేసింది. “నువ్వు నెలపిల్లప్పుడు ఒక పూటల్లా కిక్కురుమనలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకుంది మీ అమ్మ. తీరా ఆస్పత్రికి తీసుకుపోతే చెవి నిండా చీము.”

*

ప్రయోగశాల ఆదిభట్లలో ఉంది. హైమ బస్సు దిగి నడుస్తున్నంత సేపూ అత్తయ్య మాట వెనకాలే వచ్చింది.

ఇరవై మూడు విమానాలూ ఊరికే అరవలేదని ఆమెకి తెలుసు. విప్పి చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరికింది. వెంట్రుకవాసి బీట, వదులైన రివెట్టు, ఇంకో ఏడాది నిక్షేపంగా నిలిచే పట్టీ. ప్రమాదం లేని చిన్న బాధకి కూడా కర్ణిక కేకలు పెడుతోంది. దానికి కొంచెం ఓర్పు నేర్పి సరిచెయ్యొచ్చు. మరి ఈ పదకొండింటికీ ఏ బాధా లేదా?

“మేడమ్, మిషన్‌తో మొత్తం వెతికించేశాను,” అంది ఫర్హానా. చార్మినార్ పక్క పిల్ల, లెక్కల్లో చురుకు, హైమ దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. “పదకొండింటి తొలి పాఠాల్లోనూ తేడా అన్నదే లేదు. అన్నీ క్లీన్.”

తొలి పాఠం అన్న పేరు హైమ పెట్టిందే. కొత్త కోడలికి అత్తింట్లో మొదటి రోజు ప్రతి చప్పుడుకీ ఉలికిపాటే. వీధి తలుపు కిర్రుమన్నా, మామగారు దగ్గినా లేచి కూర్చుంటుంది. నాలుగు రోజులయ్యాక అవన్నీ ఇంటి చప్పుళ్ళే. ఇంటిది కాని చప్పుడైతేనే మెలకువ వస్తుంది. కర్ణిక కూడా అంతే. పూత ఆరిన మొదటి తొమ్మిది గంటలూ హ్యాంగర్ తలుపులు మూసేస్తారు. తర్వాత లోపలి యంత్రమే చక్రాలు ముడిచి దించుతుంది, తలుపులు మూసి తీస్తుంది, ఇంజిన్లు తిప్పుతుంది. ఆ తొమ్మిది గంటల్లో విన్నదంతా నాదే, భయం లేదు అని పూత నేర్చుకుంటుంది. ఆ చప్పుళ్ళ రికార్డు ప్రయోగశాలకి వస్తుంది.

“మిషన్‌కి తేడా ఎలా దొరుకుతుంది ఫర్హానా? తొలి పాఠంలో ఉన్నదంతా సొంతమే అనుకోమని మనమే కదా చెప్పాం,” అంది హైమ. “చెవులతో వినాలి.”

“తొమ్మిది గంటలా? పదకొండు విమానాలవా?”

“నీకు టీ నేను తెప్పిస్తాను.”

సోమవారమంతా విన్నారు. చక్రాల గుర్రు, తలుపుల ధన్, నూనె పంపు మూలుగు, మళ్ళీ చక్రాలు. మంగళవారం పదకొండున్నరకి ఫర్హానా తల మీంచి హెడ్‌ఫోన్స్ తీసి, “ఇది వినండి,” అంది. “ఆరో గంట దాటాక. నిన్న దాంట్లో కూడా ఇలాంటిదే విన్నట్టు గుర్తు.”

హైమ విన్నది. ఒక్కటే దెబ్బ, ఠప్ అని, శుభ్రంగా. వెంటనే నీళ్ళు లోహపు గిన్నెలో పడ్డ చప్పుడు. తర్వాత రెండు వస్తువులు పక్కపక్కన నేల మీద పెట్టినట్టు.

“ఏదో పగిలింది కదా మేడమ్?”

“పగల్లేదు,” అంది హైమ. “పగలగొట్టారు.”

ఆ దెబ్బ ఆమెకి తెలుసు. ఇంట్లో స్కూటర్ కొన్నా, ఫ్రిజ్ కొన్నా, తన సిద్ధాంత వ్యాసం కోసం మొదటి కంప్యూటర్ తెచ్చినా ఆ దెబ్బ వినే ఆ వస్తువు ముట్టుకునేవాళ్ళు. రెండో దెబ్బ వేయడం మావయ్యకి చిన్నతనం. చెక్కలు సరిసమానంగా విడిపోవాలి, నీళ్ళు ఒక్క చుక్క బయట పడకూడదు.

సాయంత్రానికి తేలింది, పదకొండు విమానాల్లోనూ అది ఉంది. ఆరో గంటకో, ఏడో గంటకో.

ఫర్హానా ఆ చప్పుడు గీతని తెర మీద పరిచి, పక్కన ఇంకో గీత పెట్టింది. ఇంజిన్‌ని రెక్కకి వేలాడదీసే ఉక్కు పట్టీ ఒకటుంటుంది. అది లోపల తెగడం మొదలెట్టినప్పుడు వచ్చే చప్పుడు గీత అది. కిందటేడు ఇదే గదిలో, లోహాన్ని సాగదీసే ప్రెస్సులో పెట్టి పట్టీ తెంపి పట్టిన చప్పుడు. రెండు గీతలూ కవల పిల్లల్లా ఉన్నాయి.

హైమ బల్ల మీదున్న పూత ముక్కలోకి శంషాబాద్ విమానం తొలి పాఠం ఎక్కించింది. ఫర్హానా ప్రెస్సులో కొత్త పట్టీ బిగించి మీట నొక్కింది. గాజు తలుపు వెనక పట్టీ సాగింది, వణికింది, ఠప్పుమని తెగి రెండు ముక్కలై కింద పడింది.

దీపం పచ్చగానే ఉంది.

పాఠం మార్చి, విదేశంలో పూసిన విమానానిది ఎక్కించి మళ్ళీ చేశారు. పట్టీ సాగడం మొదలెట్టగానే, ఇంకా తెగకముందే, ఎర్రదీపం.

“యా అల్లా,” అంది ఫర్హానా నెమ్మదిగా. “చెవిటివి కాదు మేడమ్ అవి. అన్నీ వింటాయి, లోహం చిట్లే ఈ చప్పుడు తప్ప. రివెట్టుదైనా, పట్టీదైనా.”

మిగతా ఇరవై మూడింటినీ కూడా అచ్చం అలాగే చేయించబోతున్నారు.

*

తిరుగు బస్సులో హైమకి కూర్చోడానికి చోటు దొరికింది గానీ ఆమె నిలబడే ఉంది.

ఎవరికీ తెలియకుండా సరిదిద్దే దారి ఒకటుంది. శనివారం సన్మానం అయిపోనిచ్చి, సోమవారం ఒక ఉత్తరం రాస్తే చాలు. ‘తొలి పాఠాల్లో బయటి శబ్దాలు చేరినట్టు గమనించాం, మళ్ళీ చేయవలెను’ అని. ఏ శబ్దాలో, ఎవరు చేశారో రాయక్కర్లేదు. ఆరు రోజులే కదా. కానీ ఆ ఆరు రోజుల్లో పదకొండు విమానాలు ఎన్నిసార్లు ఎగిరి దిగుతాయో ఆమె మనసు అడక్కుండానే లెక్క వేసింది.

పైగా తప్పు ఆయన ఒక్కడిదేనా? ఇరవై ఆరు పేజీల నియమావళి రాసింది తనే. డ్రిల్లు వాడరాదు, సుత్తి వాడరాదు, ఫోను తేరాదు అని ఇరవై రెండు నిషేధాలు రాసింది. రాసేటప్పుడు ఆమె కళ్ళ ముందున్నది తెల్ల గోడల, చేతి తొడుగుల హ్యాంగర్ ఒకటి. కొత్త ఇనుము ముట్టుకునే ముందు కొబ్బరికాయ కొట్టే ఇంట్లో పెరిగి కూడా కొబ్బరికాయ సంగతి తట్టలేదు.

ఇంటికెళ్ళేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. సుగుణమ్మ మంచం మీద నాలుగు పట్టుచీరలు పరిచి ఏదీ నచ్చక కూర్చునుంది. అప్పలనరసయ్య డ్యూటీ ముగించుకొచ్చి, సన్మానంలో మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకుంటున్నాడు.

“మంచి సమయానికొచ్చావు. ‘కృతజ్ఞత’ ఒకసారి అంటే చాలా, మళ్ళీ చివర్న కూడా అనాలా?”

“మావయ్యా, పూత ఆరేటప్పుడు నువ్వు హ్యాంగర్‌లోకి వెళ్ళావా?”

ఆయన తలెత్తాడు. “ఎల్లకుండా? కొత్తగా పూత పూసిన బండి. దిష్టి తియ్యకుండా గాల్లోకి పంపుతామేటి? ఆరో గంటకో ఏడో గంటకో వెళ్ళి కాయ కొట్టి, హారతిచ్చి వచ్చేసేవోడిని. ఎవర్నీ రానివ్వలేదు. చెప్పులు కూడా బయటే ఇడిచేవోడిని, చప్పుడవుతాదని.”

“దేని మీద కొట్టావు?”

“ముందు చక్రానికి టో బార్ తగిలించి ఉంటాది కదా, లాక్కెళ్ళే కడ్డీ. దాని కొక్కెం మీద.” చెప్తూ చెప్తూ ఆయన ఆగాడు. చక్రం విమానానికి, కొక్కెం కడ్డీకి, కడ్డీ చక్రానికి. ఇనుములో చప్పుడు ఎలా పాకుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. “ఇనేసిందా అది?”

“విని, నేర్చేసుకుంది.”

హైమ దాచకుండా చెప్పింది. రెండు గీతలు, ప్రెస్సు, పచ్చదీపం. సుగుణమ్మ చీర మడత పెడుతూ పెడుతూ, మడత విప్పేసి, మళ్ళీ అదే మడత పెట్టింది.

“పని చెయ్యొద్దని రాశావు,” అన్నాడు చివరికి. దబాయింపు కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు. “పూజ పననుకోలేదమ్మా.”

“నేనూ అనుకోలేదు మావయ్యా. తప్పు నాది కూడా. నేనే సోమవారం ఉత్తరం రాస్తాను. నీ పేరు రానక్కర్లేదు. శనివారం…”

“ఇప్పుడు ఎన్ని గాల్లో ఉన్నాయి?”

ఆమె దగ్గర జాబితా ఉంది. “ఏడు. నాలుగు కింద ఉన్నాయి. అందులో ఒకటి రాత్రి పదిన్నరకి దుబాయ్ బయల్దేరుతుంది.”

ఆయన మాట్లాడాల్సిన కాగితాన్ని రెండుగా మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టాడు. ఫోన్ తీసి, మాటలు అందరికీ వినపడేట్టు బల్ల మీద పెట్టి, ఇంజినీరింగ్ విభాగానికి పెద్ద అయిన మహంతి గారికి చేశాడు. హైమ రెండు సార్లు చెప్పాల్సొచ్చింది. మహంతి ఒరియా మనిషైనా తెలుగు బాగా మాట్లాడతాడు.

“హైమావతి గారూ, మామూలు తనిఖీలు జరుగుతూనే ఉన్నాయి కదా,” అన్నాడు. “పూత రాకముందు కూడా విమానాలు ఎగిరాయి. నాలుగు రోజులు ఆగలేరా? ఈ మాట ఇవాళ బయటికొస్తే ఐరోపా వాళ్ళు తలుపు మూసేస్తారు. పద్నాలుగు వేల మంది ఉద్యోగులం. మీడియా మమ్మల్ని నమిలి మింగేస్తుంది, కొబ్బరికాయ అని తెలిస్తే మరీను.”

“పూత రాకముందు ఆ పట్టీని మూడు నెలలకోసారి విప్పి చూసేవాళ్ళం సార్,” అన్నాడు అప్పలనరసయ్య. “పూత వింటాదన్న ధైర్యంతో అది ఏడాదికోసారి చేశాం. నేనే చేయించాను.”

“నరసయ్య గారూ, మీ గురించే చెబుతున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసు. శనివారం మీ పేరు…”

“నా పేరు కోసం ఆగుదామంటే ఆగుతాను సార్. కానీ అందులో కూర్చున్నోళ్ళకి నా పేరు తెలీదు కదా.” ఆయన గొంతు హెచ్చలేదు. “పూత బాగుందన్న పదకొండు సర్టిఫికెట్ల మీదా సంతకం నాది. ఎనక్కి తీసుకుంటన్నాను. కాగితం అరగంటలో కంట్రోల్ రూముకి ఇస్తాను. నేలమీదున్నవి లేవవు. గాల్లో ఉన్నవి దిగాక మళ్ళీ లేవవు. తర్వాత మీరు నన్నేటి చేసినా సరే.”

ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నాడు. సుగుణమ్మ గుమ్మం దాకా వచ్చి, “చొక్కా మార్చుకుని వెళ్ళు, దాని మీద కూర మరక ఉంది,” అంది. ఆయన వెనక్కొచ్చి మార్చుకున్నాడు.

కాగితం మీద కారణం రాయాల్సిన గడి చాలా చిన్నది. ఆయన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: ‘తొలి పాఠం సమయంలో నేను స్వయంగా టో బార్ మీద కొబ్బరికాయ కొట్టితిని. పదకొండింటికీ.’

*

దుబాయ్ విమానం ఆగిపోయింది. ప్రయాణికులు కౌంటర్ దగ్గర కేకలు వేశారు, ఎవరో వీడియో తీశారు. గాల్లో ఉన్న ఏడింటిలో నాలుగు అర్ధరాత్రి లోగా దిగాయి. తెల్లారేసరికి ఆరు. ఏడోది మెల్‌బోర్న్ నుంచి వస్తోంది, ఎనిమిది నలభైకి దిగాలి.

బుధవారం ఉదయం భార్యనీ హైమనీ వెంటబెట్టుకుని వెళ్ళిన అప్పలనరసయ్య హ్యాంగర్ గేటు దగ్గర కార్డు పెడితే పచ్చదీపం వెలగలేదు. సెక్యూరిటీ అతను తల వంచుకుని, “సస్పెన్షన్ ఆర్డర్ వచ్చిందన్నా. నాకేం తెలవదు,” అన్నాడు.

“నీకెందుకు తెలుస్తుందిరా. ఇలా కంచె పక్కన నిలబడొచ్చా?”

“నిలబడు. కుర్చీ తెస్తా ఉండు.”

ముగ్గురూ కంచె పక్కన నిలబడ్డారు. సుగుణమ్మ కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు, ఎక్కాలని అడగలేదు కూడా. రాళ్ళగుట్టల మీంచి ఒక్కొక్కటే విమానం వచ్చి దిగుతుంటే ప్రతిసారీ, “ఇదేనా?” అని అడిగింది. కాదు, కాదు అని చెప్పగా చెప్పగా ఎనిమిది నలభై ఆరుకి హైమ, “ఇదే,” అంది.

నీలం తోక. ఎడమ రెక్క కొద్దిగా వాలి, సర్దుకుని, చక్రాలు నేలకి తగిలి పొగ లేచింది. పరిగెత్తి, నెమ్మదించి, పక్కకి తిరిగింది. అప్పలనరసయ్య అప్పటిదాకా కంచె తీగని పట్టుకునే ఉన్నాడు. వదిలేసరికి అరచేతిలో తీగ గుర్తు పడింది.

“దిగిపోయాయి,” అన్నాడు. “అన్నీ దిగిపోయాయి.” అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

పదకొండు విమానాల పట్టీలూ విప్పి చూడ్డానికి సాయంత్రం దాకా పట్టింది. నాలుగున్నరకి హైమ ఫోన్ మోగింది. మహంతే చేశాడు. ఎప్పుడూ లేనిది నమస్కారం చెప్పకుండానే మొదలెట్టాడు.

“మెల్‌బోర్న్ దానికి, ఎడమ ఇంజిన్ పట్టీ. మూడొంతుల్లో రెండొంతులు తెగిపోయింది. నేను చేత్తో ముట్టుకుని చూశాను. ఇవాళ రాత్రి అది లండన్ వెళ్ళాల్సింది. మూడొందల పన్నెండు మంది. నాలుగు రోజులు ఆగమన్నది నేనే కదండీ.”

“ఎవరూ ఆగలేదు కదండీ,” అంది హైమ.

“మిగతా పదీ బాగున్నాయి. నరసయ్య గారికి చెప్పండి. నాకు ఆయనతో మాట్లాడటం చేతకాదు.”

ఆమె కిందికి వెళ్ళి చెప్పింది. సుగుణమ్మ దేవుడి గూటి వైపు చూసింది గానీ దండం పెట్టలేదు. పొయ్యి వెలిగించి, పొద్దుటి నుంచి ఎవరూ తినలేదు కదా అంటూ ఉప్మాకి ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది. అప్పలనరసయ్య సోఫాలో ఒరిగాడు. ఆమె ఉప్మా తెచ్చేలోపే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. పగటిపూట ఆయన నిద్రపోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

*

మహంతి భయపడ్డదంతా జరిగింది. టీవీ వాళ్ళు స్టూడియోల్లో కొబ్బరికాయలు పెట్టుకుని చర్చలు చేశారు. ఒకాయన మూఢనమ్మకమన్నాడు, ఇంకొకాయన మన సంప్రదాయాన్ని అవమానిస్తున్నారన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినలేదు. నీలాంబర పదకొండు విమానాలూ తొమ్మిది రోజులు నేల మీదే ఉన్నాయి. జనం తిట్టుకున్నారు.

భయపడనిది కూడా ఒకటి జరిగింది. ఐరోపా అధికారులు తలుపు మూయలేదు. లోపాన్ని సంస్థే కనిపెట్టి, సంస్థ మనిషే ఒప్పుకుని, ప్రమాదానికి ముందే ఆపారు కాబట్టి మూడు నెలలు గడువిచ్చారు. ఇరవై మూడు విమానాల అరుపులూ అబద్ధాలు కావని రాసుకున్నారు. పైలట్ల సంఘం నాయకుడు టీవీలో మళ్ళీ కనిపించి, ఎర్రదీపం వెలిగితే వెనక్కి తిరుగుతామని, ఎవరేమనుకున్నా సరేనని అన్నాడు.

శనివారం శాలువా లేదు. నెలాఖరుకి అప్పలనరసయ్య సస్పెన్షన్‌లోనే రిటైరయ్యాడు. సర్వీసు పుస్తకంలో ‘తీవ్ర నిర్లక్ష్యం’ అని రాశారు. హైమకి ఆ రెండు మాటలూ ముల్లులా గుచ్చుకున్నాయి. ఆయన మాత్రం చదివి, “నిజమే రాశారు,” అని పక్కన పెట్టాడు. ఆ రాత్రి ఎప్పటికంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడని సుగుణమ్మ మర్నాడు చెప్పింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం హైమ నియమావళి పట్టుకుని కిందికొచ్చింది. ఇరవై రెండు నిషేధాల కింద ఇరవై మూడోది రాయాలి. రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది.

“ఒక్కటేనా రాస్తావు?” అన్నాడు ఆయన వేరుశనక్కాయలు వలుస్తూ. “కాయ కొట్టకపోతే అయిపోయిందా? రాసుకో. పెయింటర్ యాదగిరి పని చేస్తూ ఈల వేస్తాడు. వేస్తున్నట్టు వాడికే తెలీదు. ఊడ్చే ఆవిడ చీపురు పుల్లలు జారిపోతే మొదలు నేలకేసి దబదబా కొడతాది. ఒంటిగంటకి క్యారేజీలు తెరుస్తారు, గిన్నెల చప్పుడు ఎంతనుకున్నావు. చలికాలం పిల్లి ఒకటొస్తాది, చక్రాల మీదకెక్కి పడుకుంటాది.”

“పిల్లినెలా ఆపాలి?”

“ఆపలేం. అది లేదని చూసుకుని తలుపు మూయాలి. అదీ రాయి.”

ఆమె రాస్తోంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ హ్యాంగర్‌లో ఎవరు ఎక్కడ ఉమ్ముతారో, ఎవరు ఏ స్తంభానికి వీపు గీరుకుంటారో అన్నీ ఆయనకి తెలుసు. సుగుణమ్మ మధ్యమధ్యలో, “ఇవన్నీ తెలిసి ఇన్నాళ్ళూ నోరెత్తలేదేటయ్యా,” అంటే, “ఎవరడిగారు?” అన్నాడు. సాయంత్రానికి నిషేధాలు నలభై ఒకటయ్యాయి. ఇంకో పేజీ అతికించాల్సొచ్చింది.

చివరికి ఇరవై మూడో దగ్గరికి తిరిగొచ్చింది హైమ. “ఇది చదువుతాను, బాగుందేమో చెప్పు. ‘పూజ, హారతి, కొబ్బరికాయ వగైరాలు తొమ్మిది గంటల తర్వాతే చేయవలెను. గతంలో ఒక ఉద్యోగి తెలియక ముందే చేయడం వల్ల పదకొండు విమానాలు…’”

“ఒక ఉద్యోగేటి?”

“అంటే, పేరు వద్దని…”

“అలా రాస్తే ఎవరూ నమ్మరు. ఎవడో తెలివితక్కువోడు అనుకుని మళ్ళీ కొడతారు. పేరు రాయి. ఫోర్‌మన్ అని రాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసినోడే పొరపాటు పడ్డాడంటే కొత్తోడు ఆగుతాడు.”

హైమ అత్తయ్య వైపు చూసింది. సుగుణమ్మ వేరుశనగ పొట్టు చేటలోకి ఊడ్చుకుంటూ తలెత్తకుండానే, “ఆయన చెప్పినట్టు రాయి,” అంది.

‘ఒక ఉద్యోగి’ని కొట్టేసి, పైన సన్నగా ‘ఫోర్‌మన్ అప్పలనరసయ్య’ అని రాసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దగ్గరగా పట్టుకుని చూశాడు.

“మా జిల్లాలో గడపకో అప్పలనరసయ్య ఉంటాడు,” అన్నాడు. “ఇంటిపేరు కూడా వెయ్యి.”